తపాలా అంకెలు – వర్తకుని పటము

ఊరి పేరొక్కటే వ్రాసిన ఉత్తరము గమ్యము చేరునన్న నమ్మకము లేదు. తెలుగునాట కొత్తపల్లులెన్ని, రామాపురములెన్ని! ఒకే పేరు గల ఊళ్లు అనేకము. విలాసము వ్రాయు లిపులు అనేకము. ఈ చిక్కు తీర్చుటకై 1972 ఆగస్టు 15వ తేదీన మన తపాలా శాఖ ఆరు అంకెల పిన్ కోడును ప్రవేశపెట్టినది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ ఆ శాఖలో ఉన్నతోద్యోగి, సంస్కృతకవి కూడ.

ఇందు తొలి అంకె ప్రాంతమును, రెండవది ఉపప్రాంతమును, మూడవది జాబులను వేరుచేయు జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేయు పోస్టాఫీసును తెలుపును. నాటి ఆంధ్రప్రదేశమునకును మైసూరు రాష్ట్రమునకును 5 వచ్చినది. 500 అనగానే హైదరాబాదు, 520 అనగానే విజయవాడ, 530 అనగానే విశాఖపట్టణము మనకు స్ఫురించును.

జాబులను వేరుచేయుటకు పుట్టిన అంకె వర్తకుని చేతిలో మరియొక పనిముట్టయినది. అమెరికాలో ఈ పరిణామము స్పష్టముగా కనుపించును. అచ్చట 1963 జూలై 1వ తేదీన అయిదంకెల జిప్ కోడు వచ్చినది. 1970వ దశకములో జోనథన్ రాబిన్ అను పరిశోధకుడు జనాభా లెక్కలను ఆ అంకెలతో జోడించి, నివాసుల జీవనరీతిని బట్టి పేటలను 40 తరగతులుగా విభజించెను. ఏ పేటలో ఏ సరకు చెల్లునో ఊహించుటకు వర్తకసంస్థలు ఆ విభజనను వాడుకొనినవి.

నేటి వర్తకుని పద్ధతియు ఇట్టిదే. ఏడాది బిల్లులలోని పిన్ కోడులను వరుసపెట్టి, ఒక్కొక్క దానికి ఎందరు ఖాతాదారులో, ఎంత అమ్మకమో కూడును. ఆ మొత్తములను పటముపై రంగులతో చూపి, ప్రక్కప్రక్కన ఉన్నవానిని కలిపి ఒక్కొక్క ప్రతినిధికి హద్దు గీయును. అమ్మకము సమమైనంత మాత్రమున పంపకము సమము కాదు. విజయవాడలో ఒక పూటలో తిరుగగలిగినన్ని అంగళ్లకు మన్యములో దినములు పట్టును. కావున దూరమును, బాటలను కూడ లెక్కింపవలెను.

మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి వేరొకటి కలదు. పిన్ కోడు భూమికి వేసిన గట్టు కాదు. బట్వాడాకు చేసిన ఏర్పాటు. పల్లెలలో ఒక్క అంకె క్రింద పలు గ్రామములుండును. జిప్ కోడును బట్వాడా మార్గముల సమూహమే యగుటచే, 2000 సంవత్సరపు జనాభా లెక్కలకై అమెరికా గణనశాఖ దానికి దగ్గరగా వేరు హద్దులను కల్పించుకొనవలసి వచ్చినది.

మనకు దగ్గరి ఉదాహరణము చూతము. 2014లో రాష్ట్రవిభజన వేళ ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. రాష్ట్రము మారిననాడు వాని 507 మారలేదు. 507 అంతయు తెలంగాణయని ఎంచినవాడు శబరీ గోదావరుల తీరపు గ్రామములను పొరుగు రాష్ట్రమున చేర్చును. ఇరువైపుల ప్రతినిధులును అవి తమవి కావనుకొందురు. పట్నపు అంగడికి అది స్వల్పమే. మందులకై ఎదురుచూచు మన్యపు పల్లెకు స్వల్పము కాదు.

2025లో తపాలా శాఖ డిజిపిన్ అను క్రొత్త గుర్తును వెలువరించినది. హైదరాబాదు ఐ.ఐ.టి. దాని నిర్మాణమున పాలుగొన్నది. అది దేశమును సుమారు నాలుగేసి మీటర్ల గడులుగా విభజించును. గుర్తు ఎంత సూక్ష్మమైనను, హద్దు గీయుటకు ముందు ఆ త్రోవ నడచు టపావానిని ఒకమారు అడుగుట మేలని మా అభిప్రాయము.