కరోల్ కే

కరోల్ కే (జననం 1935 మార్చి 24) అమెరికాకు చెందిన బేస్ గిటార్ వాద్యకారిణి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో, సంగీతకారుల ఇంట పుట్టారు. టీనేజీలోనే గిటార్ పాఠాలు చెప్పి కుటుంబానికి ఆసరాగా నిలిచారు. 1950లలో లాస్ ఏంజెలెస్ క్లబ్బుల్లో జాజ్ వాయించి, 1957లో గాయకుడు శామ్ కుక్ రికార్డింగుతో స్టూడియోల్లో అడుగుపెట్టారు. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించాల్సిన వ్యక్తి రాకపోవడంతో ఆ వాద్యం ఆమె చేతికొచ్చింది. అప్పటినుంచి అదే ఆమె జీవితం.

ఆమె వాయించని శైలి దాదాపు లేదు. బీచ్ బాయ్స్ ఆల్బమ్ ‘పెట్ సౌండ్స్’ (1966), గ్లెన్ క్యాంప్‌బెల్ కంట్రీ గీతం ‘విచిటా లైన్‌మన్’ (1968), జో కాకర్ ‘ఫీలిన్ ఆల్‌రైట్’, టీవీ ధారావాహిక ‘మిషన్: ఇంపాజిబుల్’ సంగీతం, క్విన్సీ జోన్స్ సినిమా స్వరాలు ఇందుకు సాక్ష్యం. మొత్తం దాదాపు పదివేల రికార్డింగులని అంచనా. ఆమె పనిచేసిన స్టూడియో వాద్యకారుల బృందాన్ని తర్వాత ‘రెకింగ్ క్రూ’ అన్నారు. ఆ పేరును ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు.

వేళ్లతో కాక గట్టి పిక్‌తో మీటడం, తీగలపై ఫెల్ట్ ముక్క పెట్టి మోత తగ్గించడం ఆమె పద్ధతి. అందుకే ప్రతి స్వరం స్పష్టంగా, పొట్టిగా పలికేది. కానీ అసలు బలం జాజ్ పునాదిది: కాగితంపై స్వరాలు కొన్నే ఉన్నా, పాటకు తగిన బేస్ వరసను అక్కడికక్కడే అల్లగలిగేవారు. ఇంత చేసినా, నాటి ఆల్బమ్ అట్టలపై ఆమెలాంటి స్టూడియో వాద్యకారుల పేర్లు చాలావరకు ఉండేవి కావు. ఇది వారికి జరిగిన అన్యాయమే.

1969లో బేస్ వాయించడంపై పాఠ్యపుస్తకం వెలువరించి, దశాబ్దాలపాటు బోధించారు. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపికచేస్తే ఆ గౌరవాన్ని తిరస్కరించారు.