క్రికెట్ మైదానాల్లో గాలి లెక్క

క్రికెట్‌లో వాన పడితే ఆట ఆగుతుంది, వెలుతురు చాలకపోయినా ఆగుతుంది. గాలి బాగాలేక ఆట ఆగడం మన దేశంలో గట్టిగా చర్చకు వచ్చింది 2016 నవంబరులో. దీపావళి తర్వాత ఢిల్లీని కమ్మిన పొగమంచుతో హైదరాబాద్-త్రిపుర, బెంగాల్-గుజరాత్ రంజీ మ్యాచ్‌లు ఒక్క బంతి పడకుండానే రద్దయ్యాయి. అదే నెలలో విజయవాడ దగ్గరి మూలపాడులో భారత్, వెస్టిండీస్ మహిళల జట్లు మూడు వన్డేలు, మూడు టీ20లు ఆడాయి. ఢిల్లీకి భిన్నంగా ఆరింటికీ ఫలితం తేలింది.

మరుసటి ఏడాది డిసెంబరులో ఢిల్లీ టెస్టులో శ్రీలంక ఆటగాళ్లు ముఖానికి మాస్కులతో ఫీల్డింగ్ చేశారు. పేసర్లు గమగే, లక్మల్ మైదానం వీడారు. ఆట పలుమార్లు నిలిచిపోవడంతో కోహ్లీ 536/7 వద్ద ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు. అప్పట్లో దీన్ని నాటకమన్నవాళ్లూ ఉన్నారు. అది తొందరపాటే. విశ్రాంతిలో మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. స్పెల్ మధ్యలో ఉన్న పేసర్‌కు అంతకు ఎన్నో రెట్లు కావాలి. అదీ నోటితో పీలుస్తాడు కాబట్టి ముక్కు వడకట్టాల్సిన దుమ్ములో చాలా భాగం నేరుగా లోపలికి పోతుంది. విదేశాల్లోనూ ఇలాంటిది జరిగింది: 2019 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో బిగ్‌బాష్ మ్యాచ్ కార్చిచ్చు పొగకు మధ్యలోనే ఆగింది.

వెలుతురు కొలవడానికి అంపైర్ల జేబులో లైట్ మీటరుంటుంది. గాలికి అలాంటిదేమీ లేదు. పరిస్థితి ప్రమాదకరమనిపిస్తే ఆపమంటాయి నిబంధనలు, అంతే.

విజయవాడ దగ్గరి జి.కొండూరు ప్రాంతంలో ఈ గాలి సమస్యకు రూపం వేరు. పక్కనే ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో నడిచే విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం (వీటీపీఎస్) ఉంది. 1979లో మొదలై, 2009లో ఏడో యూనిట్, 2023లో 800 మెగావాట్ల ఎనిమిదో యూనిట్ చేరి 2,560 మెగావాట్లకు పెరిగింది. అక్కడి సమస్య ఒక్క పొగగొట్టమే కాదు, బూడిద కూడా. ఎండాకాలంలో బూడిద చెరువు ఆరితే గాలికి లేస్తుంది. పట్టా సరిగా కప్పని లారీ వెళ్తే రోడ్డు వెంట రాలుతుంది. చలికాలం పొద్దున చల్లటి గాలి నేలను అంటిపెట్టుకుని ఉండడంతో దుమ్ము, పొగ పైకి పోవు. సరిగ్గా సంక్రాంతి టోర్నమెంట్ల రోజులవి.

2019లో కేంద్రం తెచ్చిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విజయవాడ ఉంది. అయితే అది నగరాల లెక్కన నడుస్తుంది. మండలాల్లోని ఆటస్థలాలు దాని చూపుకు ఆనవు. టోర్నమెంట్ నిర్వాహకుల చేతిలో ఉన్నవి చిన్న ఏర్పాట్లే: మంచు విడిచాక టాస్ వేయడం, పిచ్ చుట్టూ నీళ్లు చల్లడం, పేసర్ల స్పెల్ కుదించడం, ఉబ్బసమున్న కుర్రాడి ఇన్‌హేలర్ బౌండరీ దగ్గరే ఉంచడం.