అనునాద స్థితిని నిలపడం: హోసూరు క్వార్ట్జ్ గడియారం నుంచి సూక్ష్మ దర్పణం దాకా

ఏ వస్తువునైనా దాని సహజ పౌనఃపున్యంతో, అంటే వదిలేస్తే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అదే లయలో కదిలిస్తే, స్వల్ప బలానికే పెద్ద కంపనం పుడుతుంది. ఈ స్థితినే భౌతికశాస్త్రంలో అనునాదం అంటారు. అనునాదాన్ని పుట్టించడం కంటే నిలపడం కష్టం. వేడి, గాలి పీడనం, పదార్థపు వయసు ఆ పౌనఃపున్యాన్ని నిత్యం కొద్దికొద్దిగా జరుపుతూనే ఉంటాయి. ఈ చిక్కును కోట్లాది మణికట్ల మీద పరిష్కరించి చూపిన వస్తువు క్వార్ట్జ్ చేతిగడియారం. తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్న హోసూరుకు ఈ చరిత్రలో చోటు దక్కింది ఆ గడియారం వల్లనే. లేజర్ కిరణాన్ని అటూ ఇటూ తిప్పే సూక్ష్మ దర్పణాలకూ ఇదే చిక్కు ఎదురైంది గానీ, అక్కడ వేరే దారి వెతకవలసి వచ్చింది.

క్వార్ట్జ్ స్ఫటికాన్ని నొక్కితే విద్యుదావేశం పుడుతుందని, అంటే దానికి పీడన విద్యుత్తు గుణం ఉందని, జాక్, పియరీ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. 1920ల తొలి సంవత్సరాల్లో వాల్టర్ కేడీ ఆ స్ఫటికంతో స్థిరమైన డోలకాన్ని నిర్మించగా, 1927లో బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్, జె. డబ్ల్యు. హోర్టన్ తొలి క్వార్ట్జ్ గడియారాన్ని నడిపించారు. చేతిగడియారంలోకి అనునాదం మొదట వచ్చింది మాత్రం లోహపు శృతిదండం రూపంలో. 1960లో బులోవా సంస్థ విడుదల చేసిన అక్యుట్రాన్‌లో సెకనుకు 360 సార్లు కంపించే చిన్న శృతిదండం ఉండేది. దాని కదలికను ఒక తీగచుట్ట పసిగడితే, ట్రాన్సిస్టర్ ఆ సంకేతాన్ని పెంచి సరైన క్షణంలో శృతిదండాన్ని మళ్లీ తట్టేది. అనునాదాన్ని నిలిపే పద్ధతులన్నిటికీ మూలసూత్రం ఇదే: ఊగుతున్న వస్తువునే అడిగి, దాని జవాబును బట్టి దాన్ని నెట్టడం. 1969 డిసెంబరు 25న సీకో విడుదల చేసిన ఆస్ట్రాన్ తొలి క్వార్ట్జ్ చేతిగడియారం. అందులోని స్ఫటికం పౌనఃపున్యం 8,192 హెర్ట్జ్ కాగా, తర్వాతి కాలంలో 32,768 హెర్ట్జ్ ప్రమాణంగా స్థిరపడింది. రెండును పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది కనుక, పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకు ఒక స్పందన మిగులుతుంది.

టాటా సంస్థ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటాన్ వాచెస్‌ను స్థాపించి, బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న హోసూరులో కర్మాగారం నెలకొల్పాయి. జెర్క్సెస్ దేశాయి నాయకత్వంలో ఆ గడియారాలు 1987లో మార్కెట్లోకి వచ్చాయి. పక్కనే బెంగళూరులో హెచ్.ఎమ్.టి. 1960ల నుంచి తయారుచేస్తున్న కీ ఇచ్చే గడియారాలే దేశమంతా రాజ్యమేలుతున్న రోజుల్లో, కొత్త సంస్థ క్వార్ట్జ్‌నే నమ్ముకోవడం సాహసమే. హోసూరు ఇంజనీర్లు సాధించిన పనుల్లో ముందుగా చెప్పుకోవలసింది 2002లో వచ్చిన టైటాన్ ఎడ్జ్. దాని లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు, మొత్తం గడియారం మందం 3.5 మిల్లీమీటర్లు. హోసూరు అప్పటికి ధర్మపురి జిల్లాలో ఉండేది. 2004లో ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో చేరింది.

క్వార్ట్జ్ బలం ఎక్కడుందో కృష్ణగిరి ఎండతోనే లెక్కగట్టవచ్చు. శృతిదండం ఆకారపు స్ఫటికాన్ని 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పౌనఃపున్యం అత్యధికంగా ఉండే కోణంలో కోస్తారు. అక్కడి నుంచి ఎటు జరిగినా, ఉష్ణోగ్రతా భేదపు వర్గాన్ని బట్టి, పది లక్షలకు సుమారు 0.035 వంతున పౌనఃపున్యం తగ్గుతుంది. 40 డిగ్రీల గదిలో పెట్టిన గడియారానికి భేదం 15 డిగ్రీలు, దాని వర్గం 225. అంటే పది లక్షలకు 8 వంతులు, రోజుకు సుమారు 0.7 సెకను ఆలస్యం. మణికట్టు మీద ఉన్న గడియారానికి ఒంటి వేడి తోడై ఉష్ణోగ్రత పెద్దగా మారదు కనుక ఆ పాటి తేడా కూడా రాదు. ఇంత నమ్మకమైన వస్తువును సరిదిద్దే అవసరం లేదు. మిగతా యంత్రమంతా దాని మాట వింటే చాలు.

సిలికాన్ దర్పణం అంత బుద్ధిమంతురాలు కాదు. 1980లో ఐ.బి.ఎమ్.కు చెందిన కర్ట్ పీటర్సన్ ఒకే సిలికాన్ పలక నుంచి సన్నని కడ్డీల మీద మెలితిరిగే చిన్న దర్పణాన్ని చెక్కి, అది 15 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో అనునదించడం చూపాడు. ఇటువంటి దర్పణపు పౌనఃపున్యం కడ్డీల దృఢత్వం మీద, దర్పణపు జడత్వ భ్రామకం మీద ఆధారపడుతుంది. వేడెక్కితే సిలికాన్ మెత్తబడి, డిగ్రీకి పది లక్షలకు సుమారు 30 వంతున పౌనఃపున్యం పడిపోతుంది. 25 కిలోహెర్ట్జ్ దర్పణం అదే 15 డిగ్రీలు వేడెక్కితే 11 హెర్ట్జ్ పైగా జారుతుంది. అనునాదం ఎంత పదునైనదో చెప్పే క్యూ అనే గుణకం దానికి 1,000 అనుకుంటే, పాత పౌనఃపున్యంతోనే నెడుతున్న సర్క్యూట్‌కు కంపన పరిమితిలో నాలుగో వంతు పోతుంది. దర్పణం లేజర్‌తో తెరపై గీసే బొమ్మ అంత మేరా కుంచించుకుపోతుంది. క్యూ పెరిగేకొద్దీ తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ఊపు వస్తుంది గానీ, ఈ జారుడు కూడా అంత కఠినమవుతుంది.

అందుకే ఇక్కడ కాపు కాయవలసింది కంపన పరిమితిని కాదు, దశను. నెట్టే బలానికీ దర్పణం కదలికకూ మధ్య ఉండే కాలభేదాన్ని దశాభేదం అంటారు. సరిగ్గా అనునాదంలో అది 90 డిగ్రీలు. పై ఉదాహరణలో పౌనఃపున్యం ఒక్క హెర్ట్జ్ జరిగితే కంపన పరిమితి 0.3 శాతమే తగ్గుతుంది, దశ మాత్రం నాలుగున్నర డిగ్రీలు మారుతుంది. పైగా దాని గుర్తును బట్టి పౌనఃపున్యం పెంచాలో తగ్గించాలో కూడా తెలుస్తుంది. దర్పణం కదలికను కడ్డీ మీది పీడన నిరోధకం గానీ, కెపాసిటర్ పలకలు గానీ, కిరణం అంచును తాకే కాంతి గ్రాహకం గానీ తెలియజేస్తే, ఫేజ్ లాక్డ్ లూప్ అనే సర్క్యూట్ ఆ దశను 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. ఈ సర్క్యూట్ భావన 1932లో ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ ద బెల్లిసీజ్ రేడియో కోసం ప్రతిపాదించినది. పౌనఃపున్యం లూప్ చేతిలో ఉంటే, ఊపు పరిమాణాన్ని మరో లూప్ విడిగా చూసుకుంటుంది.

దర్పణం కదలిక సైన్ వక్రాన్ని అనుసరిస్తుంది కనుక అది మధ్యలో వేగంగా, చివర్లలో నెమ్మదిగా సాగుతుంది. అందువల్ల లేజర్‌ను వెలిగించి ఆర్పే క్షణాలను కూడా దర్పణం లయకే ముడివేయాలి. వరుసకు 1,280 బిందువులు గీసే 25 కిలోహెర్ట్జ్ ప్రొజెక్టర్‌లో తెర మధ్యన ఒక్కో బిందువుకు దక్కే కాలం సుమారు 10 నానోసెకన్లు. దశ కొలతలో ఒక్క డిగ్రీ తప్పితే అది 111 నానోసెకన్లు, అంటే పదకొండు బిందువులు. రానూ పోనూ రెండు దిక్కులా గీసే పరికరాల్లో ఆ తప్పు ఎదురెదురుగా పడి, నిలువు గీత రంపపు పళ్లలా కనిపిస్తుంది. 8 కిలోహెర్ట్జ్ అనునాద దర్పణాలతో పనిచేసే లేజర్ సూక్ష్మదర్శినుల వాడుకరులకు ఈ లోపం బాగా పరిచయమే.

ఇటువంటి దర్పణాలతోనే కంటికి బొమ్మ చూపే, 2019లో వచ్చిన మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 వంటి కళ్లజోళ్లలో ఈ నియంత్రణకు మరో బాధ్యత తోడైంది. దర్పణం ఆగిపోతే లేజర్ శక్తంతా కంటిలో ఒకేచోట పడే ప్రమాదం ఉంది కనుక, ఇటువంటి పరికరాల్లో కదలిక సంకేతం తప్పిన వెంటనే లేజర్‌ను ఆర్పివేసే ఏర్పాటు తప్పనిసరి.