కొక్కెపుసూది పుట్టుపూర్వోత్తరములు

మార్గశిరము ప్రవేశించి తూర్పు హైదరాబాదున తెల్లవారుగాలికి చలి తోడగుటతోడనే, దిల్‌సుఖ్‌నగరు మొదలు కొత్తపేట మీదుగా ఎల్.బి. నగరు వరకు సాగు రాజమార్గమున పసిపిల్లల ఊలుటోపీలు, స్వెట్టర్లు, మేజోళ్లు దుకాణముల ముంగిళ్లకు వచ్చి వ్రేలాడును. వానిలో నధికభాగము యంత్రములు అల్లినవే. కాని ఆ మార్గమున కిరువైపుల నున్న కాలనీలలో, విజయవాడ బస్సులు నగరమున ప్రవేశించు నీ తూర్పువాకిటనే కాపురములు పెట్టిన కృష్ణా గోదావరీ మండలముల కుటుంబములు పెక్కు గలవు గనుక, మనుమనికో మనుమరాలికో అని కొక్కెపుసూది చేతబట్టి కూర్చుండు అమ్మమ్మలు నేటికిని కానవత్తురు. ఆ సూది ఆ చేతికి చేరిన త్రోవ మిక్కిలి దీర్ఘమైనది.

రెండు సూదులతో అల్లు ఊలుపనికిని, ఒంటిసూదితో అల్లు క్రోషేకును గల భేదమును మొదట గ్రహింపవలయును. రెండుసూదుల యల్లికలో ఒక వరుసయందలి ఉచ్చులన్నియు నొక్కమారుగా సూదిమీద నిలిచియుండును. కావుననే 1589లో విలియం లీ యను నాంగ్లేయుడు సూదులను వరుసగా నమర్చి మేజోళ్లల్లు చట్రమును నిర్మింపగలిగెను. క్రోషేలో నట్లు గాదు. సాధారణముగా ఒక కుట్టు ముగిసినగాని రెండవది పుట్టదు. పుట్టునదియు వెనుకటి వరుసలో ఏ సందున నైనను దూరి, ఏ దిక్కునకైనను తిరుగగలదు. ఇందుచేత నిజమైన క్రోషేను అల్లు యంత్రము నేటివరకును వాడుకలోనికి రాలేదు. దానిని పోలిన వస్త్రమును మాత్రమే యంత్రములు తీయగలవు. ఈ యొక్క లక్షణమే దాని చరిత్రనంతయు నడిపినది. చేతికి వెల యెంతయో క్రోషేకును వెల యంతయే.

చట్రమున బిగించిన గుడ్డపై కొక్కెపుసూదితో గొలుసుకుట్టు వేయుపని, అనగా మన ఆరీపనికి దగ్గరి చుట్టమైన విద్య, 18వ శతాబ్దమున తూర్పుదేశములనుండి ఐరోపాకు చేరెననియు, క్రమముగా అచటివారు గుడ్డను తొలగించి దారమునే విడిగా నల్లుట నేర్చిరనియు పలువురు చరిత్రకారుల యభిప్రాయము. 1820ల దశాబ్దమున ‘పెనెలొపె’ యను డచ్చి పత్రికలో క్రోషే నమూనాలు అచ్చుపడెను. 1845 మొదలు ఐర్లండును బంగాళదుంపల తెగులు మాడ్చివేసినపుడు, కార్కు నగర పరిసరమున ఉర్సులిన్ సన్యాసినులును, క్లోన్స్ పట్టణమున మతాచార్యుని భార్యయగు కసాండ్రా హాండును బీదస్త్రీలకు క్రోషే లేసు నేర్పి, దాని నమ్మించి, ఆకలిగొన్న కుటుంబములకు జీవనోపాధి కల్పించిరి. కార్ఖానా యక్కరలేదు, మగ్గ మక్కరలేదు, పెట్టుబడి యక్కరలేదు. ఒక సూది, ఒక దారపుటుండ చాలును. కరవునాట ఈ విద్యయే అక్కరకు వచ్చుటలో వింత లేదు.

ఇదే కాలమున మన వసిష్ఠ గోదావరి గట్టున నున్న నరసాపురమునకును ఈ సూది వచ్చినది. క్రైస్తవ మతప్రచారకుడగు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహమున 1836లో ఇంగ్లండు విడిచిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు అచట గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. 1832-33 నాటి నందన కరవుదెబ్బ జనుల మనస్సున మానక, 1852లో ముగిసిన కాటను ఆనకట్ట ఇంకను లేవక, డెల్టాసీమ దైన్యమున నున్న యా దినములలో, 1844 ప్రాంతమున మక్రే యను మిషనరీ దంపతులు స్థానిక స్త్రీలకు లేసు నేర్పిరని ప్రతీతి. దానముగా మొదలైన యా పని 20వ శతాబ్దమున ఎగుమతి వ్యాపారమయ్యెను. నరసాపురము, పాలకొల్లు పరిసరముల వర్తకులు దారమిచ్చి, పని పుచ్చుకొని, లెక్కకింత యని కూలి చెల్లించు పద్ధతి వెలసెను. పువ్వులను, బిళ్లలను అల్లుట చేతిపని. వానిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో కూర్చుట అతుకుపని. గోషా పాటించు కాపు కుటుంబముల స్త్రీలు సయితము గడప దాటక ఈ పని చేసిరి. గడప దాటకుండుటచేతనే అది పనిగా నెవరి కంటను పడలేదనియు, తీరికవేళ కాలక్షేపముగా లెక్కింపబడి కూలి యడుగంటెననియు జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథమున నిరూపించినది. 2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరి పేరునకు రక్షణ కలిగినది, చేతికూలి మాట ఇంకను మిగిలియున్నది.

చిత్రమేమన, విక్టోరియా రాణియు క్రోషే అల్లెడిది. బోయరు యుద్ధమున పోరాడిన సైనికులకై 1900లో తానే ఎనిమిది కండువాల నల్లెను. ఆరవ నిజాము కాలమున అనాథబాలల కొరకు ఆమె పేరిట వెలసిన విక్టోరియా మెమోరియల్ హోము కొత్తపేటకును ఎల్.బి. నగరునకును నడుమనే యున్నది. 2018 సెప్టెంబరు 24న ఈ మార్గమున నడువనారంభించిన మెట్రో స్టేషన్లలో నొకటి ఆ పేరే ధరించినది. అదే సూది, అదే కుట్టు. రాణిచేతి కండువా వీరులకు బహుమానమైనది. నరసాపురపు పడతి చేతిబిళ్ల కూలిలెక్కలో నొక యంకె యైనది.

ఇక మన యిండ్లలోని పని జూతము. పసివాని టోపీ నడినెత్తినుండి మొదలగును. 6 కుట్లను చిన్న వలయముగా మూసి, రెండవ చుట్టున ప్రతి కుట్టునందును రెండేసి వేయగా 12, మూడవ చుట్టున 18, ఇట్లు చుట్టున కారేసి చొప్పున పెంచినంతకాలము పొట్టికుట్టు బిళ్ల బల్లపరుపుగా పరచుకొనును. పెంపు తగ్గిన గిన్నెవలె ముడుచుకొనును. మించిన అంచు మడతలు పడును. ఆరునెలల శిశువు తల చుట్టుకొలత సుమారు 43 సెంటీమీటర్లు. అల్లిక సాగును గనుక 40 చాలును. కావున బిళ్ల అడ్డుకొలత 13 సెంటీమీటర్లకు సమీపింపగనే పెంపు మాని సమముగా నల్లుకొని పోయిన, అంచు తనంత దిగి టోపీ యగును. అమ్మమ్మలు ఈ లెక్క లేవియు వేయక, జేనతో కొలిచి, వ్రేళ్లతో సాగదీసి తేల్చుదురు. పసివాని వ్రేళ్లు చిక్కుకొనకుండ కుట్లు దగ్గరగా పడవలెననియు, ఊడివచ్చు గుండీలు పనికిరావనియు వారే హెచ్చరింతురు. పుష్యమాసము దాటినపిదప ఊలు మూలబడి నూలుదారము బయటికి వచ్చును. గాలి యాడు గౌన్లు, ఉగాదికి గుమ్మమున గట్టు తోరణములు ఆ సూదికే పని కల్పించును.

ఇట్టి టోపీ నొక్కటి ఆద్యంతము స్వహస్తముతో ముగించిన గృహిణి, ప్రతి కుట్టును విడిగా వేయవలసినదేయని వ్రేళ్ల నొప్పితోనే నేర్చినది గనుక, నరసాపురపు బల్లగుడ్డ వెల విన్నపుడు సగమునకు బేరమాడుటకు సంకోచించును. క్రోషే నేర్చుటవలని ఫలములలో పిల్లలకు వెచ్చదనము మొదటిదైన, పరుల చేతిపనికి న్యాయమైన వెల కట్ట నేర్చుట రెండవది. గోదావరి గట్టున ఈ విద్య మరియొక తరము నిలువవలెనన్న, ఈ రెండవ ఫలమే విస్తారముగా పండవలయును.