ఏడేళ్ల దర్శకుడు

చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి దారి పట్టినప్పుడు చలికాలం పొద్దున్న ఎదుటి మలుపు కూడా కనపడదు. మంచు కాస్త విడిచాక ముందు సిల్వర్ ఓక్ చెట్ల తలలు తేలతాయి. తర్వాత వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ తోటలు కనిపిస్తాయి. కొండ ఆఖరున బయటపడుతుంది. 1973-74 చలికాలంలో, ఈ మన్యంలోనే చింతపల్లి ప్రాంతంలో మకాం వేసి, ఒక సినిమా బృందం ‘అల్లూరి సీతారామరాజు’ తీసింది. ఆ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు కృష్ణ. దర్శకుడు వి. రామచంద్రరావు పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు. ఈ మరుపు నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆయన దర్శక జీవితం చిన్నది. 1967 నుంచి 1974 దాకా, అంతే. ఆ ఏడేళ్లూ ఒకే తీరున నడవలేదు. 1967లో వచ్చిన ‘మరపురాని కథ’కు మూలం తమిళంలో కె.ఎస్. గోపాలకృష్ణన్ తీసిన ‘కై కొడుత్త దైవం’. అక్కడ సావిత్రి చేసిన పాత్రను ఇక్కడ వాణిశ్రీకి ఇచ్చారు. లోకం తెలియని ఓ గలగలపారే పిల్ల, ఆమె మీద పడిన నింద: కన్నీళ్లు పిండడానికి బోలెడు చోటున్న కథ. అలాంటి కథతో బయల్దేరిన మనిషి మరుసటి ఏడాదికే ‘అసాధ్యుడు’, ‘నేనంటే నేనే’ చేశాడు. దెబ్బలాటలు, మారువేషాలు, పరుగులు. ఆ తర్వాత మళ్లీ ‘కర్పూర హారతి’ లాంటి కుటుంబ కథ. నిర్మాత ఏది తెస్తే అది తీసే రోజులవి. ఏడాదికి పదేసి సినిమాలు చేసే హీరో దొరికినన్ని రోజుల్లో పని ముగించాలి. రామచంద్రరావు ఆ పని చక్కగా చేశాడు. కానీ ఒక సినిమా చూసి ‘ఇది ఆయనదే’ అని చెప్పగలిగే ముద్ర ఎక్కడా పడనివ్వలేదు. ఆయన లోటు అదేనని ఒప్పుకోవాలి.

అయితే ‘అసాధ్యుడు’లో ఒక ఘట్టం ఉంది. కథ మధ్యలో రంగస్థలం మీద అల్లూరి సీతారామరాజు నాటకం, అందులో సీతారామరాజుగా కృష్ణ. కాసేపే ఉండే ఆ వేషం కృష్ణ మనసులో నాటుకుపోయింది. ఎన్టీఆర్ కూడా ఎంతోకాలంగా మోజు పడిన పాత్ర అది. ఆరేళ్ల తర్వాత తన నూరో సినిమాగా కృష్ణ దాన్నే ఎంచుకున్నప్పుడు, ఆ వేషాన్ని మొదట తెరకెక్కించిన దర్శకుడినే పిలిచారు. దీన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేను. అంతకు ముందు ఏడాదే, 1973లో, కృష్ణ సొంత సంస్థ పద్మాలయాకే రామచంద్రరావు ‘దేవుడు చేసిన మనుషులు’ తీశాడు. ఎన్టీఆర్, కృష్ణ, ఎస్వీ రంగారావు, జయలలిత, విజయనిర్మల: ఇంతమందిని పక్కపక్కన నిలబెట్టి ఎవరి అభిమానులూ నొచ్చుకోకుండా నడపడం తేలిక పని కాదు. సినిమా బాగా ఆడింది. ఆయన దశ తిరిగింది ఆ ఏడాదే.

అదే 1973లో మరో పని ఆయన చేతికొచ్చింది. ‘గంగ-మంగ’ తీస్తూ తాపీ చాణక్య కన్నుమూశాడు. ‘రోజులు మారాయి’ తీసిన చేయి అది. మిగిలిన భాగం రామచంద్రరావు పూర్తిచేశాడు. పోయినవాడి సినిమాను పాడుచేయకుండా ఒడ్డుకు చేర్చడం ఎంత బరువో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. పేరు పైకి రాదు, తప్పు మాత్రం మిగిలినవాడిదే.

ఇక మన్యంలో తీసిన ‘అల్లూరి సీతారామరాజు’. త్రిపురనేని మహారథి రచన, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం, తెలుగులో తొలి పూర్తి సినిమాస్కోప్ చిత్రం. స్కోప్ ఫ్రేము అడ్డంగా సాగుతుంది. గదిలో తీసే సన్నివేశానికి అది ఇబ్బందే, కొండకు మాత్రం సరిగ్గా అతుకుతుంది. ఇక్కడ సీతారామరాజు బ్రిటిష్ పాలన మీద చేసిన యుద్ధమూ అలాంటిదే. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో రాజు దళం మాటువేసి, ముందు నడిచిన మన సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చింది. కాల్చడం కన్నా పోనివ్వడంలోనే ఆ పోరాటం నీతి ఉంది. దామనపల్లి ఇప్పటి గూడెం కొత్తవీధి మండలంలోదే.

ఈ చరిత్ర ముందు పెట్టి చూస్తే సినిమాలో లోపాలు దాగవు. తిరుగుబాటు పుట్టింది అడవి చట్టాలు పోడు మీద పడ్డ చోట, ఘాట్ రోడ్డు పనిలో తహసీల్దారు బాస్టియన్ కూలి డబ్బు ఎగ్గొట్టిన చోట. జనానికి గుర్తుండిపోయినది మాత్రం విజయనిర్మల వేసిన సీత ప్రేమ, బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్‌గా వేసిన జగ్గయ్యతో చివరి వాగ్వాదం. రాజుతో భుజం కలిపిన గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములకు ఇంకా చోటు దక్కాల్సింది. మల్లు దొర జైలు నుంచి బతికొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. ఆ జీవితమే మరో సినిమాకు సరిపోతుంది. కొండ మనుషులు ఇందులో ఎక్కువగా గుంపుగానే మిగిలారు. ఇది ఈ ఒక్క దర్శకుడి తప్పు కాదు. మన్యం మీద తెలుగులో తీసిన సినిమాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది.

అయినా ఈ సినిమాలో కొండ అబద్ధం ఆడదు. రామచంద్రరావు పాత సినిమాల్లో తొందర ఉండేది, ఇక్కడ లేదు. మనుషులను దూరంగా నిలబెట్టి, చుట్టూ అడవిని ఉండనిచ్చిన తీరు నాకు ఆయన సినిమాలన్నిటిలోకీ ఎక్కువ నచ్చుతుంది. శ్రీశ్రీ రాసిన ‘తెలుగు వీర లేవరా’కు జాతీయ పురస్కారం వచ్చింది, న్యాయమే. ఆ పాటకు వెనక నిలిచిన కొండల గురించి ఎవరూ మాట్లాడలేదు.

చిత్రీకరణ పూర్తికాకుండానే రామచంద్రరావు చనిపోయాడు. చాణక్య సినిమాను ఒడ్డుకు చేర్చిన ఏడాదిలోపే ఆయన సినిమా ఇతరుల చేతికి వెళ్లింది. పోరాట ఘట్టాలు కె.ఎస్.ఆర్. దాస్ తీశాడు. ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసినవాడికి గుర్రాలు, తుపాకులు కొత్త కాదు. మిగతాది కృష్ణ స్వయంగా పూర్తిచేశాడు. 1974 మే 1న సినిమా విడుదలైంది.

దర్శకుడిగా కృష్ణ తన పేరు వేసుకోలేదు. రామచంద్రరావు పేరే ఉంచాడు. దర్శకత్వం కింద కృష్ణ పేరు తెర మీద కనపడింది పన్నెండేళ్ల తర్వాత, 1986లో, ‘సింహాసనం’తో.