రంగుల టీవీలో అధిక వోల్టేజి విభాగం: మరమ్మతు విద్య – చారిత్రక పరిశీలన
(సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:
పాత రంగుల టీవీలలో పిక్చర్ ట్యూబుకు అధిక వోల్టేజిని అందించే విభాగం నిర్మాణం కాలక్రమంలో మారింది. ఆ మార్పుతో మెకానిక్ పని భాగాన్ని బాగుచేయడం నుంచి భాగాన్నే మార్చడం వైపు జరిగింది. ఈ పరిణామాన్నీ, దానితోపాటు రూపొందిన వృత్తిభాషనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రంగుల టీవీ, ఈహెచ్‌టీ, మరమ్మతు, వృత్తిపదాలు, పటాన్‌చెరు.

1. నేపథ్యం:
1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధన ప్రయోగం (సైట్) ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అందుకు కావలసిన టీవీలను 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసింది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. 1982లో స్వాతంత్ర్య దినోత్సవం, ఆసియా క్రీడల ప్రసారాలతో దేశంలో రంగుల టీవీ యుగం మొదలైంది.

ఈ దశాబ్దాలలోనే హైదరాబాదు – ముంబయి రహదారి వెంట పరిశ్రమలు విస్తరించాయి. రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, ఆపై పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు ఏర్పడ్డాయి. నాటి మెదక్ జిల్లా కేంద్రం సంగారెడ్డి వీటికి చేరువలోనే ఉంది. నెలజీతాల కుటుంబాలు పెరిగినచోట టీవీ ప్రవేశించింది; టీవీ వెంట మరమ్మతు దుకాణం వచ్చింది. ఆ దుకాణాలకు విడిభాగాల అంగడి హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ.

2. అధిక వోల్టేజి స్వభావం:
పాల్ పద్ధతిలో తెరపై సెకనుకు 15,625 అడ్డగీతలు గీయబడతాయి. ఆ వేగంతో పనిచేసే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే పిక్చర్ ట్యూబుకు అధిక వోల్టేజి లభిస్తుంది. రంగుల టీవీలో ఇది సాధారణంగా 20,000 నుంచి 25,000 వోల్టుల వరకు ఉంటుంది. నలుపు తెలుపు టీవీలో ఇంతకంటె తక్కువ. అందువల్ల 1982 తర్వాత పాత మెకానిక్ సైతం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

ప్లగ్గు తీసివేసినంతమాత్రాన ప్రమాదం తొలగదు. ట్యూబు గాజుకు లోపల, వెలుపల ఉన్న వాహక పూతల వల్ల ట్యూబే ఒక కెపాసిటర్‌గా మారి విద్యుదావేశాన్ని నిలుపుకుంటుంది. దానిని వెలుపలి పూతను తాకే భూతీగకు విడుదల చేసిన తర్వాతనే యానోడ్ టోపీని తాకడం ఈ వృత్తిలో తొలిపాఠం.

3. బాగుచేయడం నుంచి మార్చడానికి:
తొలితరం టీవీలు అనేకంలో ట్రాన్స్‌ఫార్మర్ వేరు, దాని వోల్టేజిని మూడింతలు చేసే ట్రిప్లర్ వేరు. ట్రిప్లర్‌ను విడదీసిచూస్తే దోషం ఏ భాగంలో ఉందో తేలేది. దుమ్ము, చెమ్మ చేరి నిప్పురవ్వలు ఎగిరేచోటును శుభ్రపరచి, ఆరబెట్టి, వార్నిష్ పూసి కొంతకాలం నడిపించడం సాధ్యమయ్యేది.

తరువాతి తరంలో డయోడ్లు, ఫోకస్, స్క్రీన్ నియంత్రణలు ట్రాన్స్‌ఫార్మర్‌తోపాటు ఒకే రెసిన్ పోతలో ఇమిడిపోయాయి. లోపల షార్ట్ అయితే విప్పే వీలు లేదు. భాగాన్ని మార్చవలసిందే. అంతమాత్రాన నైపుణ్యం అంతరించలేదు, కారణాన్వేషణలోకి మళ్లింది. కొత్త ట్రాన్సిస్టర్ వేసిన వెంటనే కాలిపోతే మూలం మరొకచోట ఉన్నట్లు. అందుకే టీవీకి సీరీస్‌లో 100 వాట్ల బల్బు కలిపి పరీక్షించడం ఆచారమైంది. బల్బు నిండుగా వెలిగి అలాగే నిలిస్తే షార్ట్ ఇంకా ఉన్నట్లు అర్థం. ట్యూనింగ్ కెపాసిటర్ విలువ తగ్గితే అధిక వోల్టేజి హద్దుదాటి, ఎక్స్‌కిరణాల ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి చేతికందిన కెపాసిటర్‌తో సరిపెట్టడం కేవలం పనితనంలోని లోపం కాదు, ఇంటిల్లిపాది భద్రతకు సంబంధించిన విషయం.

4. వృత్తిభాష:
'ఈహెచ్‌టీ' అనే పొడిమాట నిజానికి అత్యధిక వోల్టేజిని సూచించేది. దుకాణాల వాడుకలో అది ఆ వోల్టేజిని పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్‌కే పేరయింది. 'ఈహెచ్‌టీ పోయింది' అన్నప్పుడు పోయింది వస్తువు. కార్యవాచకం కారణానికి చెల్లిన ఈ అర్థపరిణామం లక్షణకు చక్కని ఉదాహరణ. 'డ్రై సోల్డర్', 'సీరీస్ బల్బు' వంటివి కూడ పాఠ్యపుస్తకాలకంటె పనిబల్ల దగ్గర నిలదొక్కుకున్న పదాలే.

5. ముగింపు:
పలుచని తెరల రాకతో పిక్చర్ ట్యూబు కాలం ముగిసింది. 2012 మే 1 నుంచి అమలైన నిబంధనలు పాత టీవీని ఎలక్ట్రానిక్ వ్యర్థంగా పరిగణించాయి. దాని గాజులో సీసం ఉంటుంది. ట్యూబును శాస్త్రీయంగా విడదీయడానికి మార్గాలు ఉన్నాయి. దానిని బతికించిన విద్యను భద్రపరచే మార్గం మాత్రం తెలుగులో ఏర్పడవలసి ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయం (1962), చేనేత (1971) పదజాలాన్ని పనివారి నోటినుంచే సేకరించింది. ఆ పద్ధతి టీవీ మరమ్మతుకూ వర్తిస్తుంది. పరిశ్రమల చరిత్ర తయారీతో ఆగిపోరాదు. తయారైన వస్తువును ఏళ్లతరబడి నడిపించిన చేతులూ ఆ చరిత్రలో భాగమే. 1980లలో ఈ పని నేర్చినవారు నేడు వయసు మళ్లుతున్నారు గనుక ఈ సేకరణకు మిగిలిన వ్యవధి తక్కువ.