మైకు ముందు ఉద్యోగం

మన కుటుంబాలలో పెరిగిన పిల్లలు ఒకరిద్దరు రేడియోలోనో, టెలివిజన్‌లోనో పనిచేస్తామని అంటున్నారు. వినగానే పెద్దవాళ్ళం వేసే ప్రశ్న ఒక్కటే: అదీ ఒక ఉద్యోగమేనా? వైద్యమో, ఇంజనీరింగో చదివి సముద్రం దాటి వచ్చిన మనకు ఆ ప్రశ్న సహజం. అయితే తెలుగువారిలో ఆ దారిన నడిచినవారి చరిత్ర ఒకటి ఉంది. పిల్లలతో వాదనకు దిగే ముందు దాన్ని ఒకసారి తిరగేయడం మంచిదని నా ఉద్దేశం.

మద్రాసులో 1924లోనే ఒక రేడియో క్లబ్బు వెలిసింది. 1930లో కార్పొరేషన్ ఆ పనిని చేపట్టింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైంది. అరవం, తెలుగు ఆ ఒక్క కేంద్రంలోనే సమయాన్ని పంచుకోవలసి వచ్చేది. ప్రసారం నేర్పే బడి అప్పట్లో మన దగ్గర లేదు. అందుచేత వచ్చినవారంతా మరేదో చదివి, మరేదో సాధన చేసి వచ్చినవారే. బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎమ్.ఏ. చదివి, 1941లో మద్రాసు కేంద్రంలో చేరారు. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి నెహ్రూగారి ప్రసంగం తరువాత మద్రాసు నుండి వినిపించిన తెలుగు పాట ఆయనదే, పాడినది టంగుటూరి సూర్యకుమారి. ప్రభుత్వోద్యోగి గనుక సినిమాలకు మారుపేర్లతో పనిచేయవలసి వచ్చింది. వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. 1978లో ఉద్యోగ విరమణ చేసేదాకా రేడియోను వదలలేదు. ఆ గ్రంథం, ఆ పాటలు, ఆ ఉద్యోగం మూడూ ఒకే మనిషి ఒకే జీవితంలో చేసినవని గుర్తుంచుకోవాలి.

అయితే అందరికీ అంత అదృష్టం లేదు. రేడియోలో రెండు రకాల మనుషులుండేవారు. ఒకరు కార్యక్రమాలు నిర్వహించే అధికారులు, వీరివి పర్మనెంటు ఉద్యోగాలు. రెండవవారు స్టాఫ్ ఆర్టిస్టులు: అనౌన్సర్లు, నాటక కళాకారులు, వాద్యకారులు, రచయితలు. శ్రోతకు తెలిసింది వీరి గొంతే. వీరికి మాత్రం కాంట్రాక్టు. ఇచ్చే డబ్బును జీతమనేవారు కాదు, ఫీజు అనేవారు. పింఛను లేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలై, నాటకాలతో ఇంటింటికీ చేరింది. నండూరి సుబ్బారావుగారి గొంతు వినబడితే పని ఆపి రేడియో దగ్గరకు వచ్చి కూర్చున్న ఇళ్ళు ఎన్నో. అంతటి పేరున్న కళాకారుల వర్గం కాంట్రాక్టు కాగితం మీద బతకడం న్యాయం కాదు. స్టాఫ్ ఆర్టిస్టులను ప్రభుత్వోద్యోగులుగా గుర్తించటానికి 1982 దాకా పట్టింది. మన పెద్దల ప్రశ్న ఉట్టి పిరికితనం కాదని ఇక్కడే తెలుస్తుంది.

తెలుగు వార్తలు చాలాకాలం ఢిల్లీ నుండి వచ్చేవి. చదవటం ఒక్కటే పని కాదు. ఇంగ్లీషులో వచ్చిన వార్తను అప్పటికప్పుడు తెలుగు చేసి, ఆ కాగితం పట్టుకొని స్టూడియోలోకి వెళ్ళాలి. కొంగర జగ్గయ్యగారు సినిమాలలోకి రాకముందు ఈ పనే చేశారు. తరువాత పన్యాల రంగనాథరావు, కపిల కాశీపతి, అద్దంకి మన్నార్ గార్ల గొంతులు ఇంట్లో మనుషుల గొంతుల్లాగా అలవాటయ్యాయి. రోగుల ఊపిరి వినటం నా వృత్తి గనుక ఒక మాట: వాక్యం మధ్యలో ఊపిరి తీసుకొన్న చప్పుడు వినబడకుండా పది నిమిషాలు చదవటం తేలిక కాదు, ఎవరైనా ఇంట్లో ప్రయత్నించి చూడవచ్చు. అంతకంటె కష్టమైనది పార్లమెంటు మాటకు, రాకెట్టు మాటకు గడియారం చూసుకొంటూ తెలుగు వెతకటం. పత్రికలతోపాటు వీరూ మన వాడుక మాటలను తీర్చారు, అందుకు వారికి దక్కిన గుర్తింపు చాలా తక్కువ.

1952 తరువాత కేస్కర్‌గారు సమాచార మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మూగబోయాయి. మనవాళ్ళు ముల్లు తిప్పి సిలోన్ పట్టుకొన్నారు. మీనాక్షి పొన్నుదురైగారు పరాయి దేశం నుండి తెలుగు పాటలు వినిపించి ఆంధ్ర దేశమంతటా పరిచితురాలయ్యారు. 1957లో వివిధభారతి వచ్చింది.

టెలివిజన్ సంగతి వేరు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. చాలా పట్నాలలో టీవీ లేని రోజుల్లో పల్లె రచ్చబండ దగ్గర టీవీ! హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. 1978లో అక్కడ చేరిన శాంతిస్వరూప్‌గారు తొలి తెలుగు వార్తలు చదివింది 1983 నవంబరు 14న. అంటే అయిదేళ్ళు వేచి ఉన్నారు. ఎదురుగా అక్షరాలు చూపించే టెలిప్రాంప్టర్ అప్పుడు లేదు. వార్తలు బట్టీపట్టి, కెమెరాలోకి చూస్తూ చెప్పేవారు. అలా ఏళ్ళ తరబడి చేసి 2011లో విరమించారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు, తెలుగునాట టీవీ పెట్టెలు కొత్తగా వచ్చిన రోజులను జ్ఞాపకం చేసుకొని చాలామంది బాధపడ్డారు.